సీతమ్మధారలో నాన్న ఫ్లాట్ అమ్మాం: ఏజెంటుకి ఇచ్చిన ఒక్క శాతం ఎక్కడెక్కడ పనికొచ్చిందో చెప్తా (నా అనుభవం)

విశాఖపట్నం సీతమ్మధారలో మా నాన్న 1999లో కొన్న మూడు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌ని 2025 ఫిబ్రవరిలో అమ్మేశాం. 68 లక్షలకి. ఏజెంటుకి ఒక్క శాతం, అంటే 68 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 12,240, మొత్తం 80,240 రూపాయలు ఇచ్చాం. ఈ లెక్క చెప్పగానే మా చుట్టాల్లో సగం మంది "నాలుగు ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెడితే పోయేదానికి ఎనభై వేలు తగలేశారా?" అన్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక నాకు లేదు, పైగా ఊళ్లో పాత ఇల్లు పెట్టుకుని ఎక్కడో దూరంగా ఉద్యోగాలు చేసుకుంటున్న నాలాంటి వాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకి పనికొస్తుందని మొత్తం రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది.

మా పరిస్థితి ఇదీ. నేను బెంగళూరులో ఉంటాను. తమ్ముడు డాలస్‌లో. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఆ ఫ్లాట్‌లో ఉండేది, వయసు 72. మోకాళ్ల నొప్పులు ఎక్కువై, ఇక నా దగ్గరికి వచ్చేస్తానని తనే అంది. నేను సెలవు పెట్టి వైజాగ్‌లో కూర్చుని ఫ్లాట్ చూపించే అవకాశం లేదు, అమ్మ చేత ఒంటరిగా తెలియనివాళ్లకి తలుపు తీయించే ఉద్దేశం అసలే లేదు. కాబట్టి ఏజెంటు కావాలని మొదటి రోజే అనుకున్నాం. ఎవరు, ఏ పద్ధతిలో అన్నదే ప్రశ్న.

చాలామందితో మాట్లాడాను. ఒకాయన ఫ్లాట్ లోపలికి కూడా రాకుండా, గేటు దగ్గర నిలబడి "90 లక్షలు ఇప్పిస్తాను మేడమ్, ఒరిజినల్ డాక్యుమెంట్లు నా దగ్గర పెట్టండి, పార్టీకి నమ్మకం ఉంటుంది" అన్నాడు. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి. ఏజెంటుకి గానీ, కొనేవాళ్లకి గానీ, వాళ్ల తరఫు లాయరుకి గానీ, జిరాక్సులు చాలు. ఒరిజినల్ చూడాలంటే మన ఇంటికి వచ్చి మన ముందే చూసుకుని వెళ్లాలి. ఇంకొకాయన నెట్ రేటు పద్ధతి చెప్పాడు. "మీ చేతికి 60 లక్షలు వస్తాయి, ఆ పైన ఎంత వస్తే అది నాది, మీకు కమిషన్ గోలే ఉండదు" అని. వినడానికి హాయిగా ఉంటుంది, మన తెలుగు రాష్ట్రాల్లో చాలా బేరాలు ఇలాగే నడుస్తాయి కూడా. కానీ ఆలోచించండి, అందులో ఆయన మన ఏజెంటుగా ఉండడు, మన దగ్గర తక్కువకి కొని అవతల ఎక్కువకి అమ్ముకునే వ్యాపారి అయిపోతాడు, కొనేవాళ్లు అసలు ఎంత ఇస్తామన్నారో మనకి ఎప్పటికీ తెలియనివ్వడు. పైగా ఆ తేడా డబ్బు చాలాసార్లు నగదులోనే తిరుగుతుంది.

చివరికి మేం కుదుర్చుకున్నాయన ఆ ఏరియాలోనే పాతికేళ్లుగా ఈ పని చేస్తున్నాడు. మా కింది ఫ్లోర్ ఫ్లాట్ అమ్మించింది కూడా ఆయనే. రియల్ ఎస్టేట్ వ్యాపారాన్ని నియంత్రించే ఏపీ రెరాలో ఏజెంటుగా నమోదు ఉంది, వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి చూసుకున్నాను. 2016 నాటి రెరా చట్టం ప్రకారం బిల్డర్ల ప్రాజెక్టుల్లో అమ్మేవాళ్లకి ఆ నమోదు తప్పనిసరి, మాలాంటి పాత ఫ్లాట్ల రీసేల్‌కి అవసరం లేదు, అయినా నమోదు చేసుకున్నవాడికి ఒక చిరునామా, ఒక బాధ్యత ఉంటాయని నా నమ్మకం. ఆయన మొదటి మాటలోనే రెండు విషయాలు చెప్పేశాడు: మీ దగ్గర ఒక శాతం తీసుకుంటాను, కొనేవాళ్ల దగ్గర ఒక శాతం తీసుకుంటాను, మూడు నెలల పాటు ఈ ఫ్లాట్ ఇంకెవరికీ ఇవ్వొద్దు. రెండో దానికి అమ్మ కాస్త వెనకాడింది. పదిమందికి చెప్తే తొందరగా పోతుందిగా అని. దానికి ఆయన, "పదిమంది చేతిలో పెడితే పది రేట్లు తిరుగుతాయి అమ్మగారూ, ఒకడు 75 అంటాడు, ఒకడు 66కి వస్తుందంటాడు, కొనేవాళ్లు ఆ 66 దగ్గరే కూర్చుంటారు" అన్నాడు. నాకు సబబుగా అనిపించింది. కమిషన్ ఎంత, ఎప్పుడు ఇవ్వాలి, మూడు నెలలు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అనేది ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం. డబ్బంతా రిజిస్ట్రేషన్ రోజే, ముందు ఒక్క రూపాయి లేదు.

ఇదంతా 2024 జూలైలో, ఆషాఢం. "ఆషాఢంలో చూడటానికి ఎవరూ రారు, శ్రావణం వచ్చేలోపు కాగితాలు సరిచేసుకుందాం" అన్నాడాయన. ఏజెంటు విలువ నాకు మొదట అర్థమైంది ఇక్కడే, కొనేవాళ్లు ఇంకా గుమ్మంలోకి రాకముందే.

ఫ్లాట్ నాన్న పేరున ఉంది. వీలునామా లేదు. కాబట్టి అమ్మ, నేను, తమ్ముడు ముగ్గురం సమాన వారసులం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి, అది మాకు తెలుసు. మాకు తెలియనిది ఆయన సేల్ డీడ్ ముందేసుకుని చదువుతూ పట్టుకున్నాడు. సోఫాలో కూర్చుని, కళ్లజోడు పైకి నెట్టుకుని, ఒక చేతిలో డీడు, ఇంకో చేతిలో మరణ ధ్రువపత్రం పెట్టుకుని వేలితో అక్షరం అక్షరం చూశాడు. డీడులో నాన్న ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది, మరణ ధ్రువపత్రంలో పూర్తిగా ఉంది, పేరు చివర ఒకదాంట్లో "రావు" ఉంది, ఒకదాంట్లో లేదు. "ఇది బ్యాంకు లాయరు కంటపడితే ఫైలు నెల రోజులు ఆగిపోతుంది" అని, రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ చేయించాడు. తర్వాత సేల్ డీడు షెడ్యూల్లో కారు పార్కింగ్ ప్రస్తావనే లేదన్నాడు. నాన్న బతికున్నన్నాళ్లూ అక్కడే కారు పెట్టాడు, ఎవరూ ఏమీ అనలేదు. కానీ కొనేవాళ్లు అడుగుతారు కదా. అసోసియేషన్ నుంచి ఫలానా చోటు ఈ ఫ్లాట్‌దే అని లెటర్ రాయించి పెట్టాడు. ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు ఏమున్నాయో చూపించే ఈసీ తీయించాడు, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ప్లాన్ అప్రూవల్ కాపీ సంపాదించాడు, ఆస్తి పన్ను బకాయి లేకుండా రసీదులు పెట్టించాడు.

అసలు పెద్ద విషయం తమ్ముడిది. వాడు ఎన్నారై. అమ్మేవాళ్లలో ఎన్నారై ఉంటే ఏమవుతుందో చాలామందికి తెలియదు. ఇండియాలో ఉండేవాళ్లం అమ్మితే, ధర 50 లక్షలు అంతకు మించి ఉంటే, కొనేవాళ్లు ఒక్క శాతం టీడీఎస్, అంటే మన పన్ను కింద ముందే కోసిపెట్టే సొమ్ము, పట్టి ప్రభుత్వానికి కడతారు, అప్పట్లో ఆన్‌లైన్‌లో 26క్యూబీ అనే ఫారం నింపితే అయిపోయేది. ఎన్నారై వాటా మీద అలా కుదరదు. ఆయన మాతో మాట్లాడిన రోజుకి దీర్ఘకాల లాభం మీద 20 శాతం, ఆ నెల 23న బడ్జెట్ వచ్చాక 12.5 శాతం, పైన సెస్సు. తక్కువ పట్టమని ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే ఆ కోత లాభం మీద కాకుండా వాటాగా వచ్చే సొమ్ము మొత్తం మీద పడుతుంది. అప్పటి రూలు ప్రకారం కొనేవాళ్లు దానికోసం ప్రత్యేకంగా టాన్ నంబరు, అంటే పన్ను కోసి కట్టేవాళ్లకి ఇచ్చే నంబరు, తీసుకోవాల్సి ఉండేది, రిటర్ను వేయాల్సి ఉండేది. "మామూలు ఉద్యోగస్తుడు టాన్ అనే మాట వినగానే ఇంకో ఫ్లాట్ చూసుకుంటాడు మేడమ్" అన్నాడు ఏజెంటు. తమ్ముడు వాటా తనకేమీ వద్దని, అమ్మకే ఉండాలని ముందు నుంచీ అంటున్నాడు, నాదీ అదే మాట. అయితే ఆ మాట కాగితం మీదికి అమ్మకానికి ముందే రావాలి అని పట్టుబట్టింది ఈయనే. వాడు దసరాకి వస్తున్నాడు కాబట్టి ఆ పది రోజుల్లోనే నేను, తమ్ముడు ఇద్దరం మా వాటాలు అమ్మకి వదులుకుంటూ రిలీజ్ డీడు రిజిస్టర్ చేయించాం. దాంతో అమ్మేది అమ్మ ఒక్కతే. వాడు రాలేకపోయి ఉంటే అక్కడ కాన్సులేట్‌లోనో, అపోస్టిల్ అనే అక్కడి ప్రభుత్వ ధ్రువీకరణతోనో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపాలి, అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. అదంతా కూడా ఆయనకి కంఠతా వచ్చు.

ఇంకొకటి, చిన్నది అనుకుంటాం గానీ పెద్దది. అమ్మ పాన్ కార్డు ఆధార్‌తో లింక్ అయి లేదు. లింక్ లేని పాన్ పనిచేయనిదాని కింద లెక్క, అప్పుడు కొనేవాళ్లు ఒక్క శాతం బదులు 20 శాతం టీడీఎస్ పట్టాలి. 68 లక్షల మీద 20 శాతం అంటే 13 లక్షల 60 వేలు, రీఫండ్ వచ్చేదాకా ఇరుక్కుపోయేది. వెయ్యి రూపాయలు కట్టి లింక్ చేయించాం. జూలైలోనే "అమ్మగారి పాన్ ఒకసారి చూపించండి" అని అడిగినందుకు ఆ మనిషికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను.

బడ్జెట్ గురించి ఒక మాట. జూలై 23న దీర్ఘకాల లాభాల పన్ను 12.5 శాతం చేసి, కొన్న ధరని ధరల పెరుగుదలకి తగ్గట్టు పెంచి లెక్కించే ఇండెక్సేషన్ తీసేశారని విని మా ఇంట్లో పెద్ద టెన్షన్. వెంటనే రేటు పెంచి అడుగుదామా అని తమ్ముడు అర్ధరాత్రి ఫోన్లు. ఏజెంటు, "మీ పన్ను మీ ఆడిటర్ గారు చూస్తారు, కొనేవాడికి మీ పన్నుతో పనిలేదు, రేటు మార్చొద్దు" అన్నాడు. ఆగస్టు మొదట్లోనే సవరణ వచ్చింది, ఆ తేదీకి ముందు కొన్న ఇళ్లకి ఇండెక్సేషన్‌తో 20 శాతమా, లేకుండా 12.5 శాతమా అన్నది ఇండియాలో ఉండేవాళ్లు ఎంచుకోవచ్చని. 2001కి ముందు కొన్నది కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువని కొన్న ధరగా తీసుకునే వీలు కూడా ఉంది. మిగతాది ఆడిటర్ గారు చూసుకున్నారు.

రేటు సంగతి. ఇది నేను బాగా పట్టించుకున్న విషయం, ఎందుకంటే అపార్ట్‌మెంట్‌లో ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్పారు. పై ఫ్లోర్ అంకుల్ 85 తగ్గొద్దన్నారు. ఆన్‌లైన్ సైట్లలో ఆ వీధిలో 80, 82 అని పెట్టి ఉన్నాయి. ఏజెంటు అడిగిన మొదటి ప్రశ్న: "యూడీఎస్ ఎంత?" యూడీఎస్ అంటే బిల్డింగు స్థలంలో ఫ్లాట్‌కి వచ్చే విడదీయని వాటా, మాది 45 గజాలు. పాత ఫ్లాట్‌కి గోడల విలువ ఏటేటా పడిపోతుంది, భూమి వాటా విలువే పెరుగుతుంది, అందుకే ఆ లెక్కతో మొదలుపెడతానన్నాడు. సైట్లలో కనిపించేవి అడిగే ధరలు, అందులో ఏళ్ల తరబడి అలాగే పడి ఉన్నవి కూడా ఉంటాయి. రిజిస్ట్రేషన్ కాగితాల్లో కనిపించే ధర చాలాచోట్ల అసలు ధర కంటే తక్కువ. అసలు ఎంతకి తెగిందో తెలిసేది ఆ బేరంలో కూర్చున్నవాళ్లకే. ఆ చుట్టుపక్కల ఈమధ్య తెగిన మూడు బేరాలు ఆయన దగ్గరుండి చేయించినవే, ఏ ఫ్లోరు, ఏ ముఖం, ఎన్నేళ్ల బిల్డింగు, లిఫ్టు ఉందా, ఎంతకి తెగింది, ఎంత నగదు అడిగారు, అన్నీ చెప్పాడు. మాది 1,250 చదరపు అడుగులు, పాతికేళ్ల కట్టడం, ఉత్తరం గుమ్మం. 72 అని పెడదాం, 67, 68 మధ్య ముగుస్తుంది అన్నాడు. 85 అని చెప్పిన మనిషి మీద నాకు కోపం లేదు గానీ, ఆ అంకె పట్టుకుని కూర్చుంటే ఆ ఫ్లాట్ ఇవాళ్టికీ తాళం వేసే ఉండేది, మెయింటెనెన్సు నెలనెలా కడుతూ.

శ్రావణం రాగానే ఒకరోజు వచ్చి ఇల్లంతా తిరిగాడు. ఈశాన్యం మూలన నాన్న బీరువా ఉంది, దానిపైన పాత పేపర్ల కట్టలు. "అమ్మగారూ, కొనడానికి వచ్చేవాళ్లు సిద్ధాంతిని వెంటబెట్టుకుని వస్తారు, ఈశాన్యంలో ఇంత బరువు చూస్తే గుమ్మంలోనే వెనక్కి తిరుగుతారు" అని ఇద్దరు మనుషుల్ని పిలిపించి బీరువాని నైరుతి గదిలోకి జరిపించాడు. వంటింట్లో సింకు కింద కారుతున్న పైపు మార్పించాడు. రంగులు మాత్రం వేయించొద్దన్నాడు, పాత ఇంటికి కొత్త రంగు వేస్తే తడి మచ్చలు దాస్తున్నారనుకుంటారట. ఆయన చెప్పినట్టే ఆ తర్వాత వచ్చినవాళ్లలో ఒకరు సిద్ధాంతి గారితో వచ్చారు, ఆయన దిక్సూచి అరచేతిలో పెట్టుకుని ప్రతి గదిలో ఆగి ఆగి చూసి, ఆగ్నేయంలో వంటిల్లు బాగుందన్నారు, ఈశాన్యం దగ్గర కాసేపు నిలబడి ఏమీ అనకుండా ముందుకు వెళ్లారు.

గేటుకి "ఫర్ సేల్" బోర్డు పెట్టలేదు. అమ్మ ఒక్కతే ఉంటోందని దారినపోయేవాళ్లందరికీ తెలియాల్సిన పని లేదు. వచ్చినవాళ్లెవరూ ఏజెంటు వెంట లేకుండా రాలేదు, ముందు ఫోన్ చేసి అమ్మకి కుదిరే టైమ్ అడిగేవాడు, దీపాలు పెట్టే వేళ దాటాక ఎవర్నీ తేలేదు. వచ్చేవాళ్లని ముందే జల్లెడ పట్టేవాడు: లోనా, చేతిలో డబ్బుందా, ఇంకో ఇల్లు అమ్మి కొనాలా, ఎప్పటికి కావాలి. ఊరికే చూసి పోయేవాళ్లు, పండగ సెలవులకి కాలక్షేపంగా ఇళ్లు చూసేవాళ్లు మా ఇంటిదాకా రాలేదు.

ఒకసారి నేను ఇంట్లో ఉండగా ఒక జంట వచ్చింది. ఆవిడ వంటింట్లో నిలబడి, "ఇదంతా పగలగొట్టేయాలి, ఈ గట్టు, ఈ అలమరాలు, ఏదీ ఉంచకూడదు" అంటోంది. ఆ గట్టు నాన్న దగ్గరుండి అమ్మ ఎత్తుకి తగ్గట్టు కట్టించింది. అమ్మ ముఖం చిన్నబోయింది, నాకు నోటిదాకా వచ్చింది ఏదో ఒకటి అనేద్దామని. ఏజెంటు అప్పటికే "మేడమ్, టెర్రస్ మీంచి వ్యూ చూపిస్తాను రండి" అని వాళ్లని మెట్లెక్కించేశాడు. వాళ్ల ఇష్టం వాళ్లది, కొనే ఇల్లు ఎలా మార్చుకోవాలో మాట్లాడుకునే హక్కు వాళ్లకి ఉంది, తప్పేం లేదు. కానీ మనం అమ్మేది మన బతుకు గడిచిన ఇల్లు, ఎదుటివాళ్లకి అది ఒక ప్లాను. ఆ రెంటికీ మధ్య ఒక మూడో మనిషి నిలబడటం ఎంత అవసరమో ఆ రోజు చూశాను.

నగదు సంగతి కూడా దాచకుండా చెప్తాను. ఒక పార్టీ 73 ఇస్తామన్నారు, అందులో 25 లక్షలు క్యాష్. రేటు చూస్తే అందరికంటే ఎక్కువ. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం, దొరికితే తీసుకున్నంత మొత్తం జరిమానాగా కట్టాలి, కట్టాల్సింది తీసుకున్నవాళ్లు. ఏజెంటుకి కమిషన్ కూడా 73 మీద ఎక్కువే వస్తుంది కదా, అయినా మొదటే చెప్పాడు, "అమ్మగారి వయసుకి ఇది వద్దు, లోను మీద కొనే ఉద్యోగస్తుణ్ణి పట్టుకుందాం, ప్రతి రూపాయీ బ్యాంకులో పడుతుంది" అని. మా ఉద్దేశమూ అదే. ఆ డబ్బుతో అమ్మకి బెంగళూరులో మా దగ్గర్లో చిన్న ఫ్లాట్ కొనాలి, ఇల్లు అమ్మిన లాభంతో ఇంకో ఇల్లు కొని పన్ను మినహాయింపు తీసుకోవాలంటే లెక్కలో కనబడే డబ్బు కావాలి.

కార్తీకం వచ్చింది, శ్రావణం నుంచి లెక్కేసి రాసుకున్న మూడు నెలల గడువు దాటబోతోంది అనుకునేటప్పటికి ఒక కుటుంబం కుదిరింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, పిల్లల స్కూలు దగ్గర్లో. బేరం మా ఇంట్లో జరగలేదు, వాళ్లింట్లోనూ జరగలేదు. ఏజెంటు మమ్మల్ని అడిగాడు, "కిందికి ఎంత దాకా రాగలరు, నాకొక్కడికి చెప్పండి". అమ్మ 67 అంది. వాళ్ల పై అంకె ఎంతో కూడా అడిగే ఉంటాడు. ఇక్కడ మీకొక అనుమానం రావాలి, నాకూ వచ్చింది: రెండు వైపులా కమిషన్ తీసుకునే మనిషి ఎవరి తరఫున మాట్లాడతాడు? నిజం చెప్పాలంటే బేరం తెగడం తరఫున మాట్లాడతాడు. అందుకే రేటు లెక్క ఆషాఢంలోనే, కొనేవాళ్లెవరో తెలియకముందే తేల్చుకోవడం మాకు మంచిదైంది, ఆ తర్వాత ఆయన ఏ మాట చెప్పినా దాని పక్కన పెట్టి చూసుకోగలిగాం. వాళ్లు 65తో మొదలుపెట్టి, ఫ్యాన్లు, గీజర్లు, బీరువా వదిలేస్తే 68 అన్నారు. బీరువా తప్ప అన్నీ ఇచ్చాం. లక్ష టోకెన్, వారంలో అగ్రిమెంటు, అడ్వాన్సు బ్యాంకు ద్వారా, 90 రోజుల గడువు.

అసలు పరీక్ష అగ్రిమెంటు తర్వాత. చుట్టాలందరూ కొనేవాణ్ణి తేవడమే ఏజెంటు పని అనుకుంటారు. కొనేవాడు ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాడు, ఒప్పుకుంటాను. టోకెన్ ఇచ్చినవాణ్ణి రిజిస్ట్రేషన్ ఆఫీసు దాకా జారిపోకుండా తీసుకురావడం ఉందే, దానికి నేనైతే ఇంకో ఎనభై వేలు అడిగినా ఇస్తాను.

వాళ్లు వెళ్లిన బ్యాంకు తరఫున వాల్యుయర్ వచ్చి ఫ్లాట్‌ని 61 లక్షలకి కట్టాడు. పాత బిల్డింగు అని. బ్యాంకు ఇచ్చేది వాళ్లు కట్టిన విలువలో 80 శాతం. 68 మీదైతే 54 లక్షల 40 వేలు వచ్చేది, 61 మీద 48 లక్షల 80 వేలే. మిగతా 5 లక్షల 60 వేలు వాళ్లు చేతి నుంచి పెట్టుకోవాలి. దానికి తోడు రిజిస్ట్రేషన్ ఖర్చు, ఏపీలో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, కలిపి ఏడున్నర శాతం, అంటే 5 లక్షల 10 వేలు. పాపం వాళ్లు బెదిరిపోయారు. 64కి ఇస్తే తీసుకుంటాం, లేదంటే అడ్వాన్సు వెనక్కి ఇచ్చేయండి అని ఫోన్. నేను బెంగళూరులో ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను, చేతులు చల్లబడ్డాయి. అదే నేను నేరుగా వాళ్లతో మాట్లాడి ఉంటే మాటా మాటా పెరిగేది, అగ్రిమెంటు చింపేసుకునేవాళ్లం, నాకు నా స్వభావం తెలుసు.

ఏజెంటు మాతో ఒకటే అన్నాడు, "మీరు ఏ జవాబూ చెప్పకండి, నాకు కొంచెం టైమివ్వండి". మా కింది ఫ్లోర్ ఫ్లాట్ కొన్నవాళ్లకి లోను ఇచ్చిన బ్యాంకు వేరే. ఆ బ్యాంకు లాయరు ఈ బిల్డింగు లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల నాటి కాగితాలు), ప్లాను అప్పటికే చూసి ఓకే చేసి ఉన్నారు, బిల్డింగు ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుందని ఇంజినీరు ఇచ్చిన సర్టిఫికెట్ కూడా వాళ్ల ఫైల్లో ఉంది. కొనేవాళ్లని అక్కడికి తీసుకెళ్లాడు, ఆ పాత లోను సంగతి బ్యాంకు వాళ్లకి గుర్తు చేశాడు, మన కాగితాలన్నీ ముందే తయారై ఉన్నాయి కాబట్టి ఒక్క సెట్టు జిరాక్సులు ఇచ్చి వచ్చేశాడు. నోటరీ అఫిడవిట్, రిలీజ్ డీడు, కొత్త ఈసీ, అసోసియేషన్ లెటరు, అన్నీ వరసగా. అక్కడ విలువ 67 కట్టారు. లోను సంక్రాంతి లోపే మంజూరైంది. ధర 68 నుంచి కదల్లేదు. వాళ్లు మళ్లీ 64 ఊసెత్తలేదు, మేమూ ఆ ఫోన్ సంగతి ఎత్తి పొడవలేదు.

జనవరి చివర్లో ఇంకో గొడవ. ఫిబ్రవరి 1 నుంచి ఏపీలో ప్రభుత్వం కట్టే మార్కెట్ విలువలు పెరుగుతున్నాయని వార్త వచ్చింది, రిజిస్ట్రేషన్ ఆఫీసులు జనంతో కిక్కిరిసిపోయాయి. కొనేవాళ్లాయన కంగారుపడి వెంటనే చేసేద్దామంటాడు, వాళ్లమ్మగారు పుష్యమాసంలో చేయడానికి వీల్లేదంటారు, ఇంట్లో రెండు రోజులు అన్నాలు సరిగ్గా తినలేదట. ఏజెంటు వాళ్లింటికి వెళ్లి కాగితం మీద లెక్క వేసి చూపించాడు. డ్యూటీ కట్టేది ప్రభుత్వ విలువ మీదా, రాసుకున్న ధర మీదా, రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద. మనం రాస్తున్నది పూర్తి 68 లక్షలు. కొత్త విలువ ప్రకారం వేసినా ఆ ఫ్లాట్ 68 దాటదు. తక్కువ రాసుకునేవాళ్లకే ఆ పెంపు బరువు, మీకు పెరిగేది ఏమీ లేదు, ఆ తొక్కిసలాటలోకి వెళ్లొద్దు అన్నాడు. ఇలాంటి విషయం మన తరఫున మనం చెప్తే వాళ్లు నమ్మరు కూడా, అమ్మేవాళ్లు ఏదో దాస్తున్నారనుకుంటారు.

మాఘ శుద్ధ దశమి, ఫిబ్రవరి 7, శుక్రవారం రిజిస్ట్రేషన్. ముందురోజే డాక్యుమెంట్ రైటర్ దగ్గర డ్రాఫ్టు అమ్మకి వినిపించి, సరిహద్దులు, డోరు నంబరు, పాన్ నంబరు ఒక్కొక్కటీ సరిచూసి పెట్టాడు. ఆఫీసులో రెండో అంతస్తుకి లిఫ్టు లేదు, అమ్మ మోకాళ్ల సంగతి ముందే చెప్పి కింద కుర్చీ వేయించి, మన వంతు వచ్చాకే పైకి తీసుకెళ్లాడు. వేలిముద్రలు పెట్టేముందు బ్యాంకు డీడీలు నా చేతిలో పెట్టించి, మొత్తం కూడి చూసుకోమన్నాడు: అడ్వాన్సుతో కలిపి 67 లక్షల 32 వేలు. మిగతా 68 వేలు టీడీఎస్.

ఏజెంటు లేకుండా కుదరదని నేను అనను. పక్క ఫ్లాట్ వాళ్లో, సొంత బంధువులో, నమ్మకమైన స్నేహితులో కొంటుంటే, ధరలో పేచీ లేకపోతే, ఒక మంచి లాయరుకి ఫీజు ఇచ్చి కాగితాలు చేయించుకుంటే చాలు. మనం అదే ఊళ్లో ఉండి, తీరిక ఉండి, మొహమాటం లేకుండా బేరమాడగలిగితే అప్పుడూ చూసుకోవచ్చు. మాకు ఆ మూడూ లేవు. ఇంకోటి, ఏజెంటు చెప్పాడు కదా అని ఆడిటర్ని, లాయర్ని మానేయకండి. మా ఏజెంటు పన్ను విషయాల్లో తనకు తెలిసింది చెప్పి, వెంటనే "ఆడిటర్ గారిని ఒకసారి అడగండి" అనేవాడు, ఆ మాట అనని ఏజెంటుని నేనైతే నమ్మను.

కమిషన్‌కి జీఎస్టీ బిల్లు తప్పకుండా తీసుకోండి, డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. అమ్మకం కోసం పెట్టిన ఖర్చు కాబట్టి లాభం లెక్క వేసేటప్పుడు ఆ 80,240 తీసేశారు మా ఆడిటర్ గారు. బిల్లు లేకుండా చేతికి నగదుగా ఇచ్చేస్తే ఆ ఖర్చుకి రుజువు చూపించడం కష్టం.

రిజిస్ట్రేషన్ అయ్యాక ఫోన్ ఎత్తడనుకున్నారు మా పిన్ని వాళ్లు. ఈపీడీసీఎల్‌లో కరెంటు మీటరు పేరు మార్పిడికి అమ్మ సంతకాలు ఆయనే తీసుకున్నాడు, అసోసియేషన్‌లో నాన్న కట్టిన డిపాజిట్ వెనక్కి ఇప్పించాడు. కొనేవాళ్లు 26క్యూబీ నింపి టీడీఎస్ కట్టడానికి గడువు నెలాఖరు నుంచి 30 రోజులు, అది కట్టారా లేదా అని మార్చిలో నాకంటే ముందు ఆయనే వాళ్లకి ఫోన్ చేశాడు. టీడీఎస్ కట్టినట్టు అమ్మ పేరున సర్టిఫికెట్, ఫారం 16బీ, ఏప్రిల్‌లో వచ్చింది, రిటర్నులో పెట్టేశాం.